వీడియో అసిస్ట్ పని పట్టుకుంటే ముందుకెళ్లే దారి ఉందా?

కొత్తవైరు: ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయింది. సినిమా సెట్‌లో వీడియో అసిస్ట్ పనికి, అంటే కెమెరా తీస్తున్న బొమ్మను మానిటర్‌లో చూపించే పనికి, రమ్మంటున్నారు. ఎదుగుదల ఉంటుందా? చేసినవాళ్లు చెప్పండి.

పాతరీలు: ఉంటుంది తమ్ముడూ. మా రోజుల్లో సీన్‌లో టీవీ ఉందంటే నీలాంటివాడి కోసమే వెతికేవాళ్లు. సెకనుకు 60 సార్లు బొమ్మ గీసే 60 హెర్ట్జ్ టీవీని సెకనుకు 24 ఫ్రేముల కెమెరాతో తీస్తే తెర మీద నల్లపట్టీ దొర్లుతుంది. కెమెరా షట్టర్ తెరుచుకునే కోణం 144 డిగ్రీలకు పెడితే ఎక్స్‌పోజర్ సెకనులో 60వ వంతుకు వస్తుంది, పట్టీ సన్నబడుతుంది. అంతేగానీ పూర్తిగా పోదు. అందుకని టీవీనే 24 ఫ్రేములకు నడిచేలా మార్చి కెమెరాతో సింక్ చేసేవాళ్లం. ఆ పని తెలిసినవాడికి సెట్‌లో కుర్చీ వేసేవారు, నిజంగానే!

కొత్తవైరు: ఇప్పుడు సీఆర్‌టీలు, ఆ పాత డబ్బా టీవీలు లేవు కదన్నా?

డేటాబండి: అవి పోయి ఎల్ఈడీ గోడలొచ్చాయి. రోగం పాతదే. గోడకూ కెమెరాకూ జెన్‌లాక్, అంటే రెండింటి టైమింగ్, కుదరకపోతే అడ్డంగా చారలు పడతాయి. నేను మాత్రం డీఐటీ వైపు, అంటే సెట్‌లో తీసిన డేటాను భద్రం చేసే పనికి, వెళ్లాను. కార్డులోంచి రెండు డ్రైవుల్లోకి కాపీ చేసి, చెక్‌సమ్ (కాపీ అచ్చం అసలులాగే ఉందో లేదో తేల్చే అంకె) సరిపోయేదాకా కార్డును ఫార్మాట్‌కి ఇవ్వను. పక్కన నిలబడి ఎవరు ఎంత అరిచినా సరే. ఒకసారి కార్డు చెరిపేశాక ఆ టేక్‌ని ఎవరూ తెచ్చివ్వలేరు.

కంటిచూపు: అసిస్ట్‌లో చేరితే కెమెరా వైపు రానివ్వరని భయపెడతారు. నేనొచ్చాను, ఇప్పుడు ఫోకస్ లాగుతున్నాను, అంటే నటుడు కదిలేకొద్దీ లెన్స్ ఫోకస్ తిప్పే పని. కాకపోతే మళ్లీ క్లాప్ కొట్టడం నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. 85 ఎం.ఎం. లెన్స్, 1.4 స్టాప్ (లెన్స్ బాగా తెరిచి), మనిషి రెండు మీటర్ల దూరంలో ఉంటే ఫోకస్‌లో ఉండేది 4 సెంటీమీటర్లే. కళ్లు షార్ప్‌గా ఉంటే చెవులు ఉండవు. నటుడు డైలాగ్ మధ్యలో కాస్త ముందుకు వంగితే నీ ఫోకస్ కూడా వెంటే కదలాలి. మానిటర్‌లో చూసి తిప్పితే అప్పటికే ఆలస్యం.

పాతరీలు: డబ్బుల సంగతి కూడా చెప్పండర్రా. నెల జీతం కాదు, పిలుపు వస్తేనే బేటా, అంటే రోజు కూలి. అదీ ఒక్కోసారి సినిమా విడుదలైనా చేతికి రాదు.

కొత్తవైరు: సరే, చేరుతున్నా. బ్యాగులో ఏం పెట్టుకోమంటారు?

డేటాబండి: మల్టీమీటర్, కేబుల్ చివర కనెక్టర్ బిగించే క్రింపింగ్ టూల్, వీడియో సిగ్నల్ పంపే బీఎన్‌సీ కేబుళ్లు. 75 ఓమ్‌లవే తీసుకో. 50 ఓమ్‌లవీ చూడ్డానికి అలాగే ఉంటాయి, కేబుల్ మీద రాసింది చదువు.