నున్నటి టచ్ స్టవ్, చూపు లేనివాళ్లం ఎలా వాడాలి?

గుంటూరు_రమణి
ఇన్నాళ్లూ గ్యాస్ మీదే వండాను. మొన్న మా తమ్ముడు ఇండక్షన్ స్టవ్ తెచ్చాడు. పైనంతా నున్నటి గాజు, ఏ బటన్ ఎక్కడుందో వేలికి తెలియదు. తడిమితే చాలు, తడిమిన చోటల్లా కీమంటూ నొక్కుకుపోతుంది. పాలు కాద్దామనుకుంటే వేపుడు మోడ్‌లో పడిందట, మాడు వాసన వచ్చాకే తెలిసింది. మీరంతా ఏం చేస్తున్నారు?

ఓరుగల్లు_పిల్లోడు
అక్కా, చూపున్నవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని బొట్టుబిళ్లలు అంటించుకోండి. బటన్ మీద కాదు, దానికి కాస్త కిందగా. మీద పెడితే వెతికేటప్పుడే నొక్కుకుంటుంది. ముందు గోడ స్విచ్ ఆపి తడిమి అలవాటు చేసుకుంటే టెన్షన్ ఉండదు.

వంటింటి_శ్యామల
బొట్టుబిళ్లలు తడిగుడ్డకి ఊడిపోతాయి నాయనా. గట్టిపడే ఎంసీల్ ముద్ద కలిపి ఆవగింజంత చుక్కలు పెట్టుకో రమణీ. నావి నాలుగేళ్లుగా కదల్లేదు. అన్నిటికీ పెట్టకు, ఆన్, ప్లస్, మైనస్ చాలు. పాత ఫోన్లలో 5 మీద ఒక్క చుక్కతోనే అంకెలన్నీ పట్టేవాళ్లం కదా!

విశాఖ_టెక్
లుకౌట్, సీయింగ్ ఏఐ లాంటి యాప్‌లు ఉన్నాయి, కెమెరాతో చదివించవచ్చుగా?

వంటింటి_శ్యామల
చూశాను తమ్ముడూ. మసాలా ప్యాకెట్లు బాగానే చదువుతుంది. స్టవ్ మీద వెలిగే అంకెలు మాత్రం నాకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. పైగా ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో గరిటె!

కూకట్‌పల్లి_వాసి
మా వాషింగ్ మెషిన్ నాబ్‌కి మొదలూ చివరా లేదు, ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది. అయితే పవర్ ఆపి మళ్లీ వేస్తే ప్రతిసారీ ఒకే ప్రోగ్రామ్ మీద మొదలవుతుంది. అక్కడి నుంచి టక్కులు లెక్కపెడతా. కుడికి మూడు, నూలు బట్టలు.
కస్టమర్ కేర్‌కి చెబితే ‘యాప్ ఉంది కదా సార్’ అన్నారు. తెరిస్తే, ఫోన్ తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ వరసగా ‘లేబుల్ లేని బటన్’ అనే చదివింది. మనమే లేబుల్ పెట్టుకోవచ్చు నిజమే, కానీ ఏది ఏ బటనో ముందు ఎవరో చూసి చెప్పాలిగా! 2009లోనే ఐఫోన్‌లో అలాగే చదివే వాయిస్‌ఓవర్ వచ్చి నున్నటి గాజు కూడా మాట్లాడింది. వీళ్లకి ఆ నాలుగు పేర్లు రాయడానికి ఏం రోగం?

లా_పాయింట్
రోజూ వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడగలిగే డిజైన్‌లో దొరికేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. ఫిర్యాదులో ఆ సెక్షన్ రాయండి. నేను రాస్తే ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’ అని వచ్చింది, అది వేరే సంగతి.

గుంటూరు_రమణి
శ్యామల గారూ, మూడు చుక్కలు పెట్టించాను. పొద్దున టీ పొంగింది గానీ, నేనే ఆపాను! మంటే లేని స్టవ్‌కి సన్నమంట కావాలంటే మైనస్ ఎన్నిసార్లు నొక్కుతారు మీరు?