48 ఏళ్ళకు మళ్ళీ ఉద్యోగం: బీరువా తెరవాలంటేనే బెంగగా ఉంది

ప్రశ్న: గోదావరి గట్టు, రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. నాకు 48 ఏళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఒక జూనియర్ కళాశాలలో తెలుగు చెప్పేదాన్ని. బాబు పుట్టాక మానేసి 14 ఏళ్ళు ఇంటిపట్టునే ఉండిపోయాను. ఇప్పుడు అమ్మాయి ఇంజనీరింగులో చేరింది, బాబు తొమ్మిదో తరగతికి వచ్చాడు. జూన్ నుంచి మళ్ళీ పాఠం చెప్పడానికి రమ్మని ఒక కళాశాలవారు పిలిచారు. పాఠం గురించి నాకు భయం లేదు. అరవై మంది పిల్లల ఎదుట ఈ ఒంటితో, ఈ ముఖంతో నిలబడాలని తలుచుకుంటేనే అడుగు ముందుకు పడడం లేదు.

ఏడాదిన్నర కిందట నెలసరి ఆగిపోయింది. అంతకు ముందు నుంచే ఒళ్ళు మారడం మొదలైంది. 58 కిలోలు ఉండేదాన్ని 69కి వచ్చాను; పెరిగిన బరువంతా నడుము చుట్టూ, జబ్బల దగ్గర చేరింది. పాపిట దగ్గర జుట్టు పలచబడి మాడు కనిపిస్తోంది, చెంపల మీద మంగు వచ్చింది. మూడు వారాలకొకసారి రంగు వేసుకుంటున్నా రెండో వారానికే పాపిట వెంట తెల్లగీత తేలుతోంది. కిందటి మాఘంలో ఒక పెళ్ళిలో దగ్గరి బంధువు ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, నలుగురూ వింటుండగా, "నువ్వేనా? గుర్తుపట్టలేకపోయాను. ఎలా ఉండేదానివి ఎలా అయిపోయావే!" అన్నారు. ప్రేమతోనే అన్నారని తెలుసు. అయినా ఆ రోజు నుంచి ఫొటో అనగానే ఎవరో ఒకరి వెనక్కి చేరుతున్నాను. ఆ పెళ్ళి ఆల్బమ్‌లో నేను ఉన్నవి రెండే ఫొటోలు, రెంటిలోనూ నా ముఖం సగమే పడింది.

బీరువాలో నలభైకి పైగా చీరలున్నాయి. వాటి జాకెట్లలో ఒంటికి పట్టేవి నాలుగో ఐదో. పట్టినవాటిలోనూ చెయ్యి పైకెత్తితే చంక దగ్గర బిగుసుకుపోతోంది. బోర్డు మీద రాయవలసిన మనిషికి అది చిన్న విషయం కాదు. కొత్తగా కొన్నవన్నీ బూడిద రంగువీ మట్టి రంగువీ. ముదురు రంగు చీర చేతిలోకి తీసుకోగానే, ఈ వయసులో సోకులేమిటి అని నాలోంచే ఒక గొంతు వినిపిస్తుంది. జూన్‌కు ఇంకా పది వారాలు ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు? జుట్టుకు రంగు కొనసాగించాలా, మానేయాలా? ఈ దశ దాటినవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1: సూదీదారం, తెనాలి

గోదావరి గట్టు గారూ, నేను 26 ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. మీ ప్రశ్న చదవగానే మిమ్మల్ని ఒక మాట అడగాలనిపించింది: కొత్త జాకెట్టు కుట్టించేటప్పుడు మీరు ఆది ఏది ఇస్తున్నారు? నా దగ్గరికి వచ్చే నలభై దాటినవాళ్ళలో చాలామంది ఎప్పుడో పదేళ్ళ కిందట చక్కగా కుదిరిన జాకెట్టును భద్రంగా దాచుకుని, "ఇదే ఆది, కొంచెం లూజు పెట్టు" అని ఇస్తారు. లూజు పెడితే ఛాతీ దగ్గర సరిపోతుంది కాని భుజం జారుతుంది, వీపు దగ్గర గుడ్డ ఉబ్బుతుంది, కట్టుకున్నవాళ్ళు లోపం తమ ఒంటిదే అనుకుంటారు. వయసుతో మారేది చుట్టుకొలత ఒక్కటే కాదండీ. రొమ్ము కిందికి దిగుతుంది కనుక భుజం నుంచి డాటు (ఛాతీ దగ్గర గుడ్డను మడిచి వేసే కుట్టు) మొన దాకా ఉండవలసిన పొడవు పెరుగుతుంది, వీపు పైభాగం కాస్త గుండ్రమవుతుంది, జబ్బ లావెక్కుతుంది. పాత ఆదిలో ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. అందువల్ల ఆది ఇంట్లోనే పెట్టి వెళ్ళి, ఒంటి మీద కొలతలు తీయించుకోండి. రోజూ ఏ లోదుస్తులు వేసుకుంటారో అవే వేసుకుని వెళ్ళండి, ఎందుకంటే అవి మారితే కొలత మారుతుంది.

ఇంకొక సంగతి. టేపు చూడగానే అందరూ కడుపు బిగబడతారు. నేను టేపు చుట్టి అలాగే ఉంచి, పిల్లల సంగతో కూర సంగతో అడుగుతాను. వాళ్ళు మాటలో పడి ఊపిరి వదిలాక, టేపు సర్దుకున్న చోట కనిపించే అంకె రాసుకుంటాను. బిగబట్టిన కడుపుకు కుట్టిన జాకెట్టు భోజనానికి కూర్చోగానే హుక్కు తెంపుకుంటుంది.

చెయ్యి ఎత్తితే బిగుసుకుపోతోందన్నారు. అప్పుడు చాలామంది చంక ఇంకా కిందికి దించమని అడుగుతారు. దించితే చెయ్యి ఎత్తినప్పుడల్లా జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. చంకను ఒంటికి దగ్గరగా పైనే ఉంచి, చేతి ముక్క పైభాగాన్ని వెడల్పు చేయాలి. బోర్డు మీద రాస్తానని మీ దర్జీకి ముందే చెప్పి, మొదటి జాకెట్టును కచ్చాకుట్టు మీద ఉండగానే తొడుక్కుని, చెయ్యి ఎత్తి చూడండి. లైనింగ్ గుడ్డను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేశాకే కుట్టమనండి. లేకపోతే మొదటి ఉతుకుకే లోపలి గుడ్డ ముడుచుకుని పైగుడ్డను లాగేస్తుంది.

పాత జాకెట్లను పారేయకండి. ఒకదాన్ని తిరగేసి, పక్కకుట్టు లోపల ఎంత గుడ్డ వదిలారో చూడండి. ముందు ముక్క, వెనక ముక్క, ఇలా రెండు పక్కలా కలిపి నాలుగు చోట్ల గుడ్డ ఉంటుంది. ఒక్కొక్కచోట అర అంగుళం వదిలితే మొత్తం 2 అంగుళాలు వస్తుంది. నూలు జాకెట్టుకు ఆవిరి ఇస్త్రీ చేస్తే పాత కుట్టు ఆనవాలు చాలావరకు పోతుంది. పట్టు మీద సూది రంధ్రాలు నిలిచిపోతాయి, కాని అవి చంక కింద ఉంటాయి కనుక బయటికి కనిపించవు. నలభై జాకెట్లూ ఒకేసారి పెట్టుకోవద్దు. వారానికి సరిపడా అయిదు చీరలు ఎంచుకుని వాటితో మొదలుపెట్టండి.

సమాధానం 2: హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

నాకు 55. జుట్టు విషయం వరకే చెబుతాను. పదకొండేళ్ళు రంగు వేసుకున్నాను. ఒక రోజు తెల్లవారేసరికి కనురెప్పలు వాచి కళ్ళు తెరుచుకోలేదు. రంగులో ఉండే పారాఫినైలీన్‌డయమీన్ అనే రసాయనం నాకు పడలేదని చర్మవైద్యులు చెప్పారు. "బ్లాక్ హెన్నా" పేరుతో అమ్మే పొడులలోనూ ఇది కలిసి ఉండవచ్చు. అసలైన గోరింటాకు ఎర్రని రంగే ఇస్తుంది. అది ఒక్కటే జుట్టును నల్లబరచలేదు కనుక నల్లగా పండే పొడిలో ఇంకేం కలిసిందో చదివి చూడాలి. రంగు కొనసాగించదలిస్తే పొట్లం మీద చెప్పినట్టు చెవి వెనకో మోచేతి లోపలో కొంచెం పూసి 48 గంటలు ఆగి చూడండి. ఏళ్ళ తరబడి పడిన రంగు కూడా ఒకనాడు పడకపోవచ్చు.

మానేయదలిస్తే ఓపిక కావాలి. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరే పెరుగుతుంది. నేను మెడ దాకా కత్తిరించుకున్నా, రంగు పూర్తిగా పోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ నడిమి కాలం నిజంగా కష్టం. సగం నలుపు, సగం తెలుపు తలతో పెళ్ళిళ్ళకు వెళ్ళాను, రెండుసార్లు వెళ్ళకుండా మానుకున్నాను కూడా. ఇప్పుడు నెరిసిన జుట్టు పక్కన నెమలికంఠం రంగు, ముదురు గులాబీ నాకు ఎంతగానో అమరుతున్నాయి. మట్టి రంగులు కట్టుకుంటే ముఖం వాడినట్టు కనిపిస్తోంది. మీరు వేసుకోవద్దనుకుంటున్న రంగులే మీకు కావలసినవి కావచ్చు.

సమాధానం 3: మగ్గం ఇంటి అమ్మాయి, మంగళగిరి

పై సోదరి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కాని నెరుపును ఒప్పుకుంటేనే ధైర్యమని, రంగు వేసుకుంటే భయమని ఎవరూ అనుకోకూడదని నా కోరిక. నాకు 51 ఏళ్ళు, రంగు వేసుకుంటాను, వేసుకున్న రోజున నాకు హాయిగా ఉంటుంది. కొత్త ఉద్యోగంలో చేరే పది వారాలలోనే జుట్టు రంగు కూడా మానేయాలన్న నియమం పెట్టుకోకండి. ఉద్యోగంలో కుదురుకున్నాక ఆలోచించండి. అంతవరకు పాపిటను ఒక వేలు పక్కకు జరిపి తీసుకుంటే తెల్లగీతా, పలచదనమూ రెండూ తగ్గి కనిపిస్తాయి.

ఇక చీరలు. మా మంగళగిరి నూలు చీర కొత్తలో గంజితో బిరుసుగా ఉండి నడుము దగ్గర ఎత్తుగా నిలబడుతుంది. దాన్ని కట్టుకుని అద్దంలో చూసి, లావుగా ఉన్నానని తీసి మడత పెట్టేసేవాళ్ళు ఎందరో. మూడు నాలుగుసార్లు ఉతికి, గంజి పెట్టకుండా ఆరేసి కట్టండి. అదే చీర ఒంటిని అంటి జారుతుంది. మొదటి రోజుకే మెత్తగా ఉండాలంటే సన్నని నూలుతో నేసే వెంకటగిరి మేలు. చీర పొడవు 5.5 మీటర్లే, నడుము పెరిగితే చుట్టుకే ఎక్కువ పోతుంది కనుక, ఏడు కుచ్చిళ్ళు పెట్టే అలవాటుంటే అయిదే పెట్టి, మిగిలిన గుడ్డను పైటకు వదలండి. పైట పొట్టిగా ఉండి మాటిమాటికీ సర్దుకోవడమే పాఠం చెప్పేవాళ్ళకు పెద్ద ఇబ్బంది. లోపలి లంగాకు సన్నని బొందు బదులు రెండు అంగుళాల వెడల్పు పట్టీ కుట్టించుకుంటే నడుము మీద కోత పడదు.

సమాధానం 4: కర్నూలు వైద్యురాలు

నెలసరి ఆగే దశలో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గడంతో, అంతవరకు తుంటి, తొడల దగ్గర చేరే కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. అది మీ అశ్రద్ధ కాదు. అయినా 11 కిలోల బరువు, జుట్టు పలచబడడం కలిసి వచ్చాయి కనుక థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), చక్కెర పరీక్షలు ఒకసారి చేయించుకోండి. థైరాయిడో ఇనుము లోపమో అయితే మందు ఉంది. నెలసరి ఆగి ఏడాది దాటిన తర్వాత ఎప్పుడైనా రక్తం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. అడగకపోయినా ఈ మాట చెప్పడం నా బాధ్యత.

మంగుకు ఎండే పెద్ద శత్రువు. ఎస్.పి.ఎఫ్. 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ రోజూ రాయండి, ఎండలో ఉంటే రెండు గంటలకొకసారి మళ్ళీ రాయండి. ఎవరో బాగుందన్నారని మందుల దుకాణంలో తెల్లబరిచే క్రీములు కొనకండి. వాటిలో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట ముఖం మెరిసినట్టు కనిపించి, నెలల తరబడి వాడితే చర్మం పలచబడి, ఎర్రబడి, మానేసినప్పుడు ఇంకా చెలరేగుతుంది. ఇలాంటి ముఖాలను ప్రతి వారం చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది.

సమాధానం 5: హనుమకొండ నుంచి

మగవాణ్ణి మధ్యలో మాట్లాడుతున్నందుకు మన్నించండి. నాకు 53. నేను 40 సైజు చొక్కాలే కొంటూ, గుండీల మధ్య గుడ్డ నోరు తెరుచుకుంటే చేతులు కట్టుకుని నిలబడడం అలవాటు చేసుకున్నాను. ఆఫీసులో నేను పొగరుగా ఉంటానని అనుకునేవారని చాలాకాలం తర్వాత తెలిసింది. 44 సైజు చొక్కా తొడుక్కున్న రోజున చేతులు వాటంతట అవే కిందికి దిగాయి. చత్వారం వచ్చి, కళ్ళజోడు పెట్టుకోవడానికి మొహమాటపడి పుస్తకం దూరంగా పట్టుకుంటున్నవారిలో మీరూ ఉంటే, దయచేసి బడి తెరవకముందే కళ్ళజోడు చేయించుకోండి. హాజరుపట్టీ చదవడానికి తడుముకుంటే ఆ కంగారు ముఖంలో కనిపిస్తుంది.

గోదావరి గట్టు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. సూదీదారం గారు అడిగిన మాటకు జవాబు: నేను ఇస్తున్న ఆది మా అమ్మాయి బారసాల నాటిది. పద్దెనిమిదేళ్ళ కిందటి జాకెట్టు. నిన్న మా వీధిలోని దర్జీ అమ్మాయి దగ్గర ఒంటి మీద కొలతలు తీయించుకున్నాను. ఆది 34, నేను 40. ఆ అంకె వింటే ఏడుపొస్తుందనుకున్నాను. "సరే, రాసుకో అమ్మా" అని నా నోటితో నేనే అన్నాను. రక్తపరీక్షకు శనివారం వెళుతున్నాను. జుట్టు సంగతి సంక్రాంతి దాకా వాయిదా వేశాను. కళ్ళజోడు కూడా అవసరమే.

ఎనిమిది జాకెట్లు తిరగేసి చూశాము. ఐదింటిలో గుడ్డ ఉంది, అయితే అవి 36, 37 కొలతవి, విప్పితే కాస్త దగ్గరగానైనా సరిపోతాయన్నది. మిగిలిన మూడింటిలో ఏమీ వదలలేదు. వాటిలో ఒకటి మా అమ్మ ఇచ్చిన ముదురు ఆకుపచ్చ గద్వాల చీరది. మొదటి రోజు ఆ చీరే కట్టుకోవాలని ఉంది. దారి ఏమైనా ఉందా?

సూదీదారం, తెనాలి

ఉందండీ. పక్కకుట్టు పూర్తిగా విప్పి, చంక నుంచి నడుము దాకా నిలువునా ఒక పట్టీ వేయించండి. కనిపించే వెడల్పు ఎంత కావాలో దానికి రెండు వైపులా అర అంగుళం చొప్పున కుట్టుకు కలుపుకోవాలి. పట్టీని చేతి అడుగుభాగంలోకి కూడా కొనసాగించాలి, లేకపోతే జబ్బ దగ్గర బిగువు అలాగే ఉంటుంది. గుడ్డ కోసం చీరను కత్తిరించవద్దు. జాకెట్టు పట్టుకుని దుకాణానికి వెళ్ళి, పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి రంగు చూసుకోండి. ఒక చాయ ముదురైనా ఫరవాలేదు, నీడలో కలిసిపోతుంది. రెండు పక్కలా సమంగా వేయమని మాత్రం గట్టిగా చెప్పండి. ఒక్క పక్కనే వేస్తే ముందున్న హుక్కుల పట్టీ అటువైపుకు లాక్కుపోతుంది.