‘పూడికతీత’: రేవుకూ ఈ మాటే సరిపోతుందా?

విశాఖలో పనిచేసే మా చెల్లెలి కొడుకు నిన్న ఫోన్ చేసి, "పెద్దమ్మా, రేవులో చేరే ఇసుకనూ బురదనూ తీస్తూ ఉండే మెయింటెనెన్స్ డ్రెడ్జింగ్‌ను తెలుగులో ఏమని రాయాలి? ‘నిర్వహణ తవ్వకం’ అంటే బాగుంటుందా?" అని అడిగినాడు. నేను పుట్టి పెరిగింది కర్నూలు దగ్గర, కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద. 1860లలో తవ్విన ఆ కాలువ సాగుకే కాదు, పడవలు నడవడానికి కూడా. నీళ్లు కట్టేసినాక అందులో దిగి ఒండ్రు ఎత్తిపోసే పనికి మా ఊళ్లో ఒకటే పేరు. "పూడికతీత అని రాయి నాయనా" అన్నా.

తవ్వడం అంటే లేని లోతును చేయడం. పూడిక తీయడం అంటే పోయిన లోతును తిరిగి తెచ్చుకోవడం. రేవుల్లోనూ ఈ తేడా ఉంది. ఓడల దారిని మొదటిసారి లోతు చేస్తే, లేదా ఉన్న లోతును ఇంకా పెంచితే అది కాపిటల్ డ్రెడ్జింగ్. ఆ లోతులో మళ్లీ చేరిన ఇసుకనూ బురదనూ తీస్తూ ఉంటే మెయింటెనెన్స్ డ్రెడ్జింగ్. మొదటిది ఎవరూ కదిలించని సముద్రపు అడుగును చీలుస్తుంది. రెండోది ఈమధ్య పేరుకున్నదాన్ని ఎత్తుతుంది. రెండింటినీ ‘తవ్వకాలు’ అని ఒకే గాటన కట్టి రాస్తే చదివేవాళ్లకు ఏ పని జరుగుతోందో ఎట్లా తెలుస్తుంది?

జవాబు (అనంతపురం నుంచి): అక్కా, ‘మేట’ అనకూడదా? చిత్రావతి పొంగినప్పుడు చేలల్లో ఇసుక మేట వేసింది అంటాం కదా.

అన్నా, మంచి మాట గుర్తు చేసినారు. కానీ మేట పైకి తేలి కనబడుతుంది, పూడిక కనబడకుండా లోతును తినేస్తుంది. తుంగభద్ర డ్యామే చూడండి, కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 105 దగ్గరికి వచ్చింది. గట్టు మీద నిలబడి చూస్తే అదే నీళ్లు! ఓడల దారికి అడ్డంగా లేచే ఇసుక దిబ్బకు మాత్రం మేట చక్కగా సరిపోతుంది. (1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం చెప్పిన చెరువు దోషాల్లో నడిమధ్య తాబేలు వీపులా లేచిన ఎత్తు కూడా ఒకటి. అక్కడి మాట ‘కూర్మం’.)

జవాబు (కడప నుంచి): మాకు చెరువు మన్ను తీస్తే బండ్లకెత్తి చేలకు తోలేవాళ్లు. సముద్రంలో తీసింది ఎక్కడికి పోతుంది?

అసలు ప్రశ్న ఇదే అన్నా, రాత్రంతా నేను ఆలోచించింది కూడా దీని గురించే. ‘పూడు’ అకర్మకం, ‘పూడ్చు’ సకర్మకం. ఒకచోట పూడినదాన్ని తీసి, ఇంకోచోట పూడుస్తారు. ఎక్కువగా పూడిక తీసే ఓడలోనే నింపుకొని పోయి, దూరంగా గుర్తించిన చోట సముద్రంలో వదులుతారు. అడుగున బతికే పురుగులూ గుల్లలూ దాని కింద పూడిపోతాయి. అది రాసేటప్పుడు ‘పారవేయడం’ అనకుండా ‘పూడ్చడం’ అంటే జరిగేది జరిగినట్టు చెప్పినట్టవుతుంది.

ఇసుకయితే వేరే దారి ఉంది. మన తూర్పు తీరం వెంట ఏడాది మొత్తం మీద ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. విశాఖ రేవు గోడల దగ్గర అది ఆగిపోతే, ఉత్తరాన ఆర్కే బీచ్‌కు ఇసుక అందక ఒడ్డు కోసుకుపోతుంది. అందుకే రేవులో తీసిన ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల్లో ఆ ఒడ్డుకు పోస్తుంటారు. అచ్చం చేనికి మన్ను తోలినట్టే. సన్నని ఒండ్రుకు మాత్రం ఈ దారి కుదరదు. సీసం, రాగి లాంటి లోహాలు ఇసుకకంటే దానికే ఎక్కువ అంటుకుంటాయి. తీసే ముందే మట్టిని పరీక్ష చేయాలనేది అందుకే.

ఇంకో మాట కూడా మనదగ్గర సిద్ధంగా ఉంది: ‘కలక’. పూడికను పీల్చి తీసే ఓడ సముద్రపు అడుగునుంచి ఇసుకనూ నీళ్లనూ కలిపి లాగుతుంది. బరువైన ఇసుక ఓడలో దిగుతుంది, పైకి పొర్లే నీళ్లతో సన్న బురద మళ్లీ సముద్రంలోకి పోతుంది. ఆ కలక వెలుతురును అడ్డుకుంటుంది, చేపల మొప్పలకు పట్టుకుంటుంది. వంక నీళ్లు బానలో పోసి ఇండుపగింజ అరగదీసి తేర్చుకున్న మనకు ‘టర్బిడిటీ’ అనే మాట అరువు ఎందుకు? కలక, తేట: రెండూ ఉన్నాయి.

పూడిక తీయడమంటే సముద్రానికి కీడేనని మాత్రం ఎవరూ అనుకోవద్దు. పులికాట్ సరస్సు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే ఉప్పునీళ్లు లోపలికి రావు, సరస్సులో చేపలు తగ్గిపోతాయి. అక్కడి జాలర్లు పూడిక తీయమనే అడుగుతున్నారు.

నాకు దొరకనిది ఒక్కటే. తీసిన పూడికను వదిలే ఆ చోటును రేవుల్లో డంపింగ్ గ్రౌండ్ అంటారట. కాకినాడ, విశాఖ వైపు వేటకు పోయేవాళ్లు తమలో తాము దానికి ఏ పేరు వాడతారు? తెలిసినవాళ్లు కింద రాయండి. మావాడు ఎదురుచూస్తున్నాడు.