పావురాలను కూరకు పెంచొచ్చా? ఇంట్లో ఇదే గొడవ

రాయచోటి_కువైట్:
పదకొండేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేసి, మొన్న ఏప్రిల్‌లో ఊరికి వచ్చేశాను. మేడ మీద నలభై జతల పావురాలు పెట్టి వాటి పిల్లలను మాంసానికి అమ్మాలని ఆలోచన. మా అమ్మ ససేమిరా అంటోంది. చూరు కింద చేరిన పక్షిని కోస్తే ఇల్లు నిలవదంట. కోడిని మాత్రం తనే కోస్తుంది, తనే వండుతుంది. కోడికి లేని పాపం పావురానికి ఎక్కడి నుంచి వచ్చింది?

అక్కడ ఈజిప్టు వంటాయన దగ్గర హమామ్ మహ్షీ, అంటే లోపల కూరి వండే పావురం, నేర్చుకున్నాను. నెల వయసు పావురం పిల్లను శుభ్రం చేసి, రొమ్ము మీద తోలు చిరగకుండా వేలితో మెల్లగా వదులు చేయాలి. ఫ్రీక్ అని, గోధుమ పచ్చిగా ఉండగానే కోసి మంటలో కాలుస్తారు, పొగ వాసన వస్తుంది. దాంట్లో ఉల్లిపాయ, కార్జం ముక్కలు కలిపి లోపల కూరి, కాళ్ళు దారంతో కట్టి ఉడకబెడతారు. చివర్లో నెయ్యిలో ఎర్రగా వేయిస్తే అయిపోయింది. ఒక్కసారి తిన్నవాళ్ళు మళ్ళీ అడుగుతారు.

గుంటూరు_పచ్చడి:
శిబి చక్రవర్తి తొడ కోసిచ్చి కాపాడిన పక్షి అన్నా అది. మీ అమ్మగారి మాట వినండి.

ఏటిగట్టు:
శిబి కథ చెప్పేవాళ్ళు శాంతిపర్వంలో బోయవాడి కథ చెప్పరెందుకో. వానకు తడిసి, ఆకలితో చెట్టు కిందికి వచ్చిన బోయవాడికి మగ పావురం ఏం పెట్టింది? చితుకులు తెచ్చి మంట వేసి, అతిథికి తిండి లేదని తనే అందులో దూకింది. అది కూడా మన కథే. కథలతో ఈ లెక్క తేలదు.

ఈజిప్టు సంగతి వేరు. అక్కడ మట్టితో బురుజుల్లాంటి గూళ్ళు కట్టి ఊళ్ళకు ఊళ్ళే పెంచుతాయి, రెట్ట పొలానికి ఎరువు. 1906లో డెన్షవాయి ఊరివాళ్ళ పావురాలను బ్రిటిష్ ఆఫీసర్లు సరదాకి కాల్చబోతే పెద్ద గొడవైంది. ఒక ఆఫీసర్ చనిపోయాడు, నలుగురు ఊరివాళ్ళను ఉరి తీశారు. వాళ్ళకు పావురం మనకు గొర్రె ఎట్లాగో అట్లా, ఆస్తి.

పాతబస్తీ_లక్కా:
మా తాత కాలం నుంచి మిద్దె మీద పావురాలే. హలాలే, ఎవరూ కాదనరు. కానీ మా ఇంట్లో తినరు. ప్రవక్త గుహలో ఉన్నప్పుడు ద్వారం దగ్గర గూడు కట్టి శత్రువులను మరిపించిన పక్షి అని నానమ్మ చెప్పేది. పొద్దున ఎగరేస్తే ఊరంతా తిరిగి నా మిద్దె మీదికే వస్తుంది భాయ్. దాని మెడ మీద కత్తి ఎట్లా పెట్టాలి?

రాయచోటి_కువైట్:
కోడి కూడా సాయంత్రానికి గంప కిందికే వస్తుంది కదా భాయ్.

పశువైద్యుడు_రిటైర్డ్:
పాపం సంగతి మీరూ మీరూ తేల్చుకోండి, నేను లెక్క చెబుతాను. పావురం ఒక విడతకు పెట్టేది రెండు గుడ్లు. పదిహేడు, పద్దెనిమిది రోజులకు పిల్ల బయటికి వస్తుంది, కళ్ళు కూడా తెరవదు. కోడిపిల్లలాగా ట్రేలో దాణా పోస్తే తినలేదు. మొదటి కొన్ని రోజులు తల్లీ తండ్రీ ఇద్దరి మెడ కింది మేత సంచిలో ఊరే పాలే దానికి తిండి. పాలంటే పాలు కాదు, విరిగిన జున్నులా ఉంటుంది. పిల్ల ముక్కు వాళ్ళ నోట్లో పెట్టి తాగుతుంది. అందుకే మెషిన్ పెట్టి వేలకు వేలు పెంచడం కౌజు పిట్టలతో అయింది గానీ వీటితో కాదు.

పెద్ద ఒంటి కింగ్ జాతి అయితే జతకు ఏడాదికి పన్నెండు పిల్లలు వస్తే బాగా వచ్చినట్టు. జత రోజుకు వంద గ్రాముల గింజలు తింటుంది, ఏడాదికి ముప్పై ఆరు కిలోలు. కిలో 30 రూపాయలు అనుకున్నా ఒక్కో పిల్ల మీద తొంభై రూపాయలు, అదీ పిల్లలకు పెట్టే మేత కలపకుండా. మన ఊరి పావురాలైతే మాంసం గుప్పెడు. ఇక గూళ్ళు ఊడ్చేటప్పుడు ముక్కుకు మాస్క్ తప్పనిసరి, ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవాళ్ళను చూశాను. ఊళ్ళో తిరిగే పావురాలను పట్టుకుని తినడం మాత్రం అసలు వద్దు.

బావ_కోసం:
సార్, పావురం మాంసం పక్షవాతానికి పనిచేస్తుందంట. మా బావకు కావాలి, ఎక్కడ దొరుకుతుంది?

పశువైద్యుడు_రిటైర్డ్:
పనిచేయదు నాయనా. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే టైమ్. పావురం కోసం తిరుగుతూ ఆ టైమ్ పోగొట్టుకోవద్దు.

గుంటూరు_పచ్చడి:
డాక్టర్ గారూ, మీరు చెప్పింది చదివాక నాకు ఇంకా కష్టంగా ఉంది. అమ్మానాన్న నోటితో పెంచిన పిల్లను, రేపో మాపో ఎగురుతుందనగా గూట్లోంచి తీసుకుంటారా?

రాయచోటి_కువైట్:
అవునక్కా, ఎగరకముందే తీయాలి. ఎగిరితే కొవ్వు కరిగి కండ గట్టిపడుతుంది. కానీ ఆదివారం మనం తెచ్చుకునే బ్రాయిలర్ నలభై రోజులు బతుకుతుంది, తల్లి మొహం ఒక్కరోజు చూడదు. నా పావురం పిల్ల నెల రోజులైనా గూట్లో, తల్లి పక్కన ఉంటుంది. రెంటిలో ఏది ఎక్కువ పాపమో మీరే చెప్పండి.

గుంటూరు_పచ్చడి:
నేను రెండూ తినను కదా తమ్ముడూ, నన్ను అడిగి ఏం లాభం?

రాయచోటి_కువైట్:
నిజమే అక్కా. డాక్టర్ గారి లెక్క చూశాక నలభై జతల మాట పక్కన పెట్టాను. నాలుగు జతలతో మొదలుపెడతాను. పాతబస్తీ భాయ్, మంచి జతలు మీ దగ్గర ఉంటాయా?

పాతబస్తీ_లక్కా:
ఉంటాయి. ఎగరేసుకుంటా అంటే రెండు జతలు ఊరికే ఇస్తా. కోయడానికైతే ఈక కూడా ఇవ్వను.