అప్‌డేట్: ‘మర్డర్ బై డెత్’ చూసేశాం

డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీని చదవని వాళ్లకి, పేరుమోసిన కథల డిటెక్టివుల్ని ఆటపట్టించే 1976 నాటి కామెడీ సినిమా ‘మర్డర్ బై డెత్’ ఎక్కుతుందా అని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను కదా. ఎక్కింది, కానీ సగమే. మా తమ్ముడికి క్రిస్టీ నవలల్లోని డిటెక్టివ్ పువారో ఎవరో తెలియదు, అందుకే అతనికి పేరడీగా పెట్టిన మైలో పెరియర్ పాత్ర మీద జోకులు వాడికి అందలేదు. చూపులేని బట్లర్‌గా అలెక్ గిన్నెస్, వినపడని, మాటరాని వంటమనిషి ఒకే ఇంట్లో పడే తిప్పలకి మాత్రం పడీపడీ నవ్వాడు.

చివర్లో, డిటెక్టివుల్ని ఆ ఇంటికి పిలిచిన ఆసామిగా వేసిన రచయిత ట్రూమన్ కపోటీ వాళ్లందర్నీ కడిగేస్తాడు: క్లూలు దాచేస్తారు, ఆఖరి పేజీల్లో కొత్త పాత్రల్ని దింపుతారు అని. క్రైమ్ నవలలు చదివేవాళ్ల కడుపుమంటంతా అదే! నీల్ సైమన్ రాత అక్కడ అదిరింది. తెల్లవాడైన పీటర్ సెల్లర్స్ వేసిన చైనా డిటెక్టివ్ వేషం ఇప్పుడు ఇబ్బందిగానే ఉంది. హంతకుడెవరని మాత్రం అడక్కండి, ఆ సినిమాకే తెలిసినట్టు లేదు.