ఫొటో పెట్టి గీస్తే రాక్‌వెల్ గొప్పతనం తగ్గుతుందా?

గీతలపిచ్చి: నిన్న మిత్రులతో గంటసేపు వాదన నడిచింది, తేలలేదు. సాటర్డే ఈవెనింగ్ పోస్ట్ అనే అమెరికన్ పత్రికకి 1916 నుంచి 1963 దాకా మూడొందలకు పైగా ముఖచిత్రాలు వేసిన అమెరికన్ చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్, 1930ల నడుమ నుంచి ఫొటోల దారి పట్టాడు. ఊళ్లోవాళ్లకు వేషం వేయించి, ఫొటోలు తీయించి, ప్రొజెక్టర్‌తో కాగితం మీద పడేసి బొగ్గుతో గీతలు పట్టేవాడు. నా దృష్టిలో అది దించడమే. ఆయన ఆరాధించిన పాత తరం ముఖచిత్రకారుడు లైయెండెకర్ మనిషిని ఎదురుగా నిలబెట్టుకునే గీశాడు కదా.

నీలిసిరా: దించడం అంటే ఒప్పుకోనండి. 1964 జనవరిలో లుక్ పత్రికలో వచ్చిన రాక్‌వెల్ బొమ్మ తీసుకోండి. 1960లో న్యూ ఆర్లియన్స్‌లో అందరూ తెల్లపిల్లలే ఉన్న బడికి వెళ్లిన ఆరేళ్ల నల్లపిల్ల రూబీ బ్రిడ్జెస్ కథ అది. తెల్ల గౌను, చేతిలో పుస్తకం, స్కేలు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు మార్షల్స్, అంటే ఆమెకు కాపలాగా వచ్చిన ప్రభుత్వ అధికారులు. వాళ్లకు తలల్లేవు, భుజాల దగ్గరే బొమ్మ తెగిపోయింది. గోడకు తగిలి చితికిన టమాటా ఎర్రగా మరక కట్టింది. ఆ పిల్ల రాకను వ్యతిరేకిస్తూ దాన్ని విసిరిన గుంపు మాత్రం కనపడదు, ఎందుకంటే వాళ్లు నిలబడ్డ చోటే మనమూ నిలబడ్డాం. ప్యాంటు ముడతలు కెమెరా ఇచ్చిందేమో. ఆ తలలు తీసేయాలని ఏ కెమెరా చెప్పింది?

గీతలపిచ్చి: ఆ బొమ్మకు నేనూ దణ్ణం పెడతాను. నా బాధ వేరు. ఫొటో వచ్చాక బొత్తాం, బూటు లేసు, గోడ పగులు అన్నీ ఒకే శ్రద్ధతో వచ్చి కూర్చుంటాయి. కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు. 1920ల నాటి కవర్లలో ఆ ఊపిరాడనితనం లేదు.

పాతబోర్డు: నేను సినిమా కటౌట్లు రాసినవాణ్ణి. స్టిల్ మీద గళ్లు కొట్టి నలభై అడుగులకు పెంచేవాళ్లం. ఒకే స్టిల్, ఒకే గళ్లు, అయినా మా మేస్త్రి వేస్తే కళ్లు చూసేవి, నేను వేస్తే చూసేవి కావు. 1950లో రాక్‌వెల్ వేసిన మంగలి షాపు బొమ్మ చూడండి. ముందు గది చీకటి, కుర్చీ ఖాళీ. లోపలి గదిలో పసుప్పచ్చ వెలుగులో ముసలాళ్లు వాయిద్యాలు వాయించుకుంటున్నారు. ఇవతల పిల్లి ఒకటి వింటున్నట్టు కూర్చుంది. మీరన్నలాంటి చిన్న చిన్న వివరాలన్నీ ఉన్నాయి, అయినా కన్ను నేరుగా ఆ వెలుగులోకే పోతుంది.

గీతలపిచ్చి: ఇప్పుడే పెద్దది చేసి చూశానండి. ఈ బొమ్మ వరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నా. మిగతా కవర్ల మీద మాత్రం ఇంకా పోట్లాడతా.