నెలసరి ఆగిన తరువాత గర్భాశయ పొర ఎందుకు మందమవుతుంది? హార్మోన్లపై సందేహాలు

ప్రశ్న (కాకినాడ సభ్యురాలు):
సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారికి 58 ఏళ్లు. నెలసరి ఆగి ఏడేళ్లయింది. ఆవిడ బరువు 84 కిలోలు, షుగరుకు మాత్రలు వాడుతున్నారు. పోయిన నెలలో రెండుసార్లు కొద్దికొద్దిగా రక్తం కనిపిస్తే స్కానింగ్ చేయించాము. గర్భాశయం లోపలి పొర 11 మిల్లీమీటర్లు ఉందని రిపోర్టు వచ్చింది. ఇది హార్మోన్ల ప్రభావం కావచ్చనీ, ముక్క తీసి పరీక్షకు పంపాలనీ డాక్టరు గారు చెప్పారు. నెలసరి ఆగాక అండాశయాలు పని మానేస్తాయి కదా, మరి ఈ హార్మోను ఎక్కడి నుంచి వస్తుంది? ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందని బంధువులు భయపెడుతున్నారు. దయచేసి వివరించగలరు.

సమాధానం (స్త్రీవైద్య నిపుణురాలు):
అమ్మా, మీ రెండో సందేహానికే ముందు జవాబిస్తాను, ఎందుకంటే చాలా ఇళ్లలో విలువైన నెలలు వృథా అయ్యేది ఆ భయం వల్లనే. ముక్క పరీక్షతో క్యాన్సర్ పాకదు. సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని గర్భాశయంలోకి పంపి పొరలోంచి కొద్దిగా కణజాలం తీస్తారు. కొన్ని నిమిషాల పని, నెలసరి నొప్పి వంటి నొప్పి వస్తుంది, సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. నెలసరి ఆగాక రక్తం కనిపించిన పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి కారణం క్యాన్సర్ కాదు, కానీ ఆ పదో మనిషి ఎవరో ముక్క పరీక్ష లేకుండా తేలదు. పొర 4 మిల్లీమీటర్లు లేదా అంతకంటే తక్కువ ఉంటే అనుమానం చాలా తగ్గుతుంది. మీ అమ్మగారికి 11 ఉంది గనుక వాయిదా వేయకండి.

ఇక హార్మోను సంగతి. అండాశయాలు ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను తయారీని దాదాపు ఆపేసినా, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి ఆండ్రోస్టీన్‌డయోన్ అనే హార్మోను వస్తూనే ఉంటుంది. కొవ్వు కణజాలంలోని ఆరోమటేజ్ అనే ఎంజైము దానిని ఈస్ట్రోన్ అనే ఒక రకం ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎక్కువైన కొద్దీ ఈ మార్పిడీ ఎక్కువవుతుంది. పైగా, అధిక బరువు వల్ల రక్తంలో ఇన్సులిన్ పెరిగితే, ఈస్ట్రోజెన్‌ను పట్టి ఉంచే ఒక ప్రోటీన్ తగ్గిపోయి, విడిగా తిరుగుతూ పనిచేసే ఈస్ట్రోజెన్ పాలు పెరుగుతుంది.

అయితే ఈస్ట్రోజెన్ ఉండటమే తప్పు కాదు. అది పొరను పెంచుతుంది, అండం విడుదలయ్యాక వచ్చే ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోను ఆ పెరుగుదలను ఆపి, పొరను పరిపక్వం చేస్తుంది. ప్రొజెస్టెరాన్ తోడు లేకుండా ఈస్ట్రోజెన్ ఒక్కటే ఏళ్ల తరబడి పనిచేస్తేనే కణాలు అదుపు తప్పే ప్రమాదం. అమెరికాలో నెలసరి ఆగిన ఎందరో స్త్రీలకు ఒకప్పుడు ఈస్ట్రోజెన్ మాత్రలు మాత్రమే ఇచ్చేవారు. వాటిని వాడినవారిలో గర్భాశయ పొర క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందని 1975లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన రెండు పరిశోధనలు చూపించాయి. అందుకే గర్భాశయం ఉన్నవారికి ఈస్ట్రోజెన్ ఇవ్వవలసి వస్తే ఇప్పుడు ప్రొజెస్టెరాన్ జాతి మందును జతచేస్తారు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్న అమ్మాయిలకు నెలల తరబడి నెలసరి రాకపోతే ఊరుకోవద్దని చెప్పేది కూడా ఇందుకే: అండం విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ రాదు. అన్ని గర్భాశయ క్యాన్సర్లూ హార్మోన్ల వల్లనే రావు, వంశపారంపర్యంగా వచ్చేవీ ఉన్నాయి. కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్ ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి.

కాకినాడ సభ్యురాలు:
మేడమ్ గారూ, మీ మాటతో ధైర్యం చేసి పరీక్ష చేయించాము. "ఎటిపియా లేని హైపర్‌ప్లేసియా" అని వచ్చింది. గర్భసంచి తీయించేస్తే పీడ పోతుందని అందరూ అంటున్నారు.

సమాధానం:
ఊరట పొందవలసిన రిపోర్టు ఇది. పొర అతిగా పెరిగింది కానీ కణాల రూపం చెడలేదని అర్థం. ఈ స్థితి 20 ఏళ్లలో క్యాన్సర్‌గా మారే అవకాశం నూటికి 5 కంటే తక్కువ. సాధారణంగా మొదటి చికిత్స ప్రొజెస్టెరాన్ జాతి మందులే: కనీసం ఆరు నెలలు మాత్రలు వాడవచ్చు, లేదా లెవోనార్జెస్ట్రెల్ విడుదల చేసే సాధనాన్ని గర్భాశయంలో అమర్చవచ్చు. ఆరు నెలలకోసారి మళ్లీ ముక్క పరీక్ష చేయించి పొర మామూలు స్థితికి వచ్చిందో లేదో చూడాలి, ఇది మరిచిపోకూడదు. బరువు తగ్గడమూ ఇక్కడ చికిత్సలో భాగమే, ఎందుకంటే ఆ ఈస్ట్రోన్ తయారయ్యేది కొవ్వులోనే. ఎటిపియా ఉందని వచ్చి ఉంటే, లోపల అప్పటికే క్యాన్సర్ దాగి ఉండవచ్చు గనుక, ఈ వయసులో గర్భాశయం తీయించుకోమనే నేనూ చెప్పేదానిని.

ప్రశ్న (వరంగల్ సభ్యుడు):
మా అక్కయ్యకు 61 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తరువాత టామాక్సిఫెన్ వాడుతోంది. ఆ మాత్ర గర్భాశయానికి ముప్పని విని, మానేస్తానంటోంది. ఏం చేయాలి?

సమాధానం:
మానవద్దని గట్టిగా చెప్పండి. టామాక్సిఫెన్ రొమ్ములో ఈస్ట్రోజెన్ పనిని అడ్డుకుంటుంది, గర్భాశయంలో మాత్రం కొంతవరకు ఈస్ట్రోజెన్ లాగానే పనిచేస్తుంది. నెలసరి ఆగిన స్త్రీలలో ముప్పు రెండు మూడు రెట్లు పెరిగే మాట నిజమే, అయినా అది ఏడాదికి వెయ్యిమందిలో సుమారు ఇద్దరు ముగ్గురికి వచ్చే ముప్పు. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆ మాత్ర చేసే మేలు దానికంటే చాలా పెద్దది. ఏ లక్షణమూ లేకుండా ఏటా స్కానింగ్ చేయించనక్కరలేదు, ఈ మాత్ర వల్ల జబ్బు లేకపోయినా పొర మందంగా కనిపించి, అనవసరమైన పరీక్షలకు దారితీస్తుంది. ఒక్క రక్తపు మరక కనిపించినా, గులాబీ రంగు ద్రవం కనిపించినా మాత్రం ఆ వారంలోనే చూపించండి. అంతగా దిగులుగా ఉంటే, లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వంటి మాత్రలకు గర్భాశయం మీద ఈ ప్రభావం లేదు గనుక, ఆమెకు అవి సరిపోతాయేమో క్యాన్సర్ డాక్టరును అడగండి. అవి ఎముకలను బలహీనపరుస్తాయి కాబట్టి, మార్చే ముందు ఎముకల సాంద్రత పరీక్ష గురించి కూడా అడగండి.